శెన్నాకి తగిన గిటార్

పొద్దున లేచింది మొదలు కెనాన్ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. గుమ్మంలోకి వస్తాడు, వీధి చివరిదాకా చూస్తాడు, మళ్ళీ లోపలికి పోయి గోడకి తగిలించిన తన గిటార్‌ని తడుముకుంటాడు, దాని మీద కప్పిన దుప్పటిని ఇంకొంచెం కిందికి లాగుతాడు. కాలు కాలిన పిల్లి నయం. వాళ్ళమ్మ టీ కుంపటి దగ్గర కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది.

విషయం ఇదీ. జానెత్ అనే ఊరి నుంచి ఒక పాటల జట్టు అతన్ని రమ్మని కబురు పెట్టింది. వాళ్ళ గిటార్ వాయించేవాడు మంచం పట్టాడు. ఉత్తరాన సముద్రం ఒడ్డు ఊళ్ళలో వరసగా కచేరీలు ఒప్పుకుని కూర్చున్నారు. ఇన్నేళ్ళూ ఈ ఎడారి ఊరు తమన్‌రాసెత్‌లో పెళ్ళిళ్ళకి వాయిస్తూ, పెళ్ళిళ్ళు లేని రోజుల్లో ఇటుకలు మోస్తూ బతికిన మనిషికి అలాంటి పిలుపు మళ్ళీ మళ్ళీ రాదు. రేపు పొద్దున ట్రక్కు. ఎవరి వాయిద్యం వాళ్ళే తెచ్చుకోవాలని జట్టువాళ్ళు ముందే చెప్పేశారు. గిటార్ లేకపోతే కెనాన్ ఎక్కినా ఒకటే, ఎక్కకపోయినా ఒకటే.

భయమల్లా మేనకోడలితోనే. అక్క రఖ్మతా కూతురు శెన్నాకి తొమ్మిదేళ్ళు. గిటార్ కావాలని ఏడాదిగా తల్లి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మా ఎడారి తువారెగ్ వాళ్ళలో తోబుట్టువు పిల్లలకి మేనమామ సొత్తు మీద ఉండే హక్కు ఇంతా అంతా కాదు. ఒంటె కానీ, కత్తి కానీ, దాని మీద చెయ్యి వేసి "ఇది నాది" అన్నారంటే మామ కిక్కురుమనకూడదు. అన్నాడో, ఇక ఊళ్ళో తలెత్తుకోలేడు. మామ దూరప్రయాణం కట్టిన రోజున పిల్లలు ఈ హక్కు గుర్తు చేసుకోవడం మరీ మామూలు. కెనాన్ చిన్నప్పుడు తన మేనమామ కాళ్ళ నుంచి కొత్త చెప్పులు విప్పించుకున్నాడు. ఆ పెద్దమనిషి నవ్వుకుంటూ ఉత్తకాళ్ళతో లారీ ఎక్కాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి చెప్పుకుని పగలబడి నవ్విన కెనాన్‌కి ఇవాళ నవ్వు రావడం లేదు.

అందుకే ఒక ఎత్తు వేశాడు. రేపు ఆ పిల్ల చెయ్యి తన గిటార్ మీద పడకముందే, ఇవాళే దానికో గిటార్ కొనిచ్చెయ్యాలి. చేతిలో ఒకటి ఉంటే ఇంకోటి అడగదు గదా.

కబురు పెడితే శెన్నా వచ్చింది. గుమ్మం దాటి రాలేదు. గోడవైపు చూడనైనా చూడకుండా తన చెప్పుల మొనలు చూసుకుంటూ నిలబడింది.

"పద పద పద," అన్నాడు కెనాన్, తలగుడ్డ ముక్కు మీదికి లాక్కుంటూ. "అంగళ్ళు మూసేస్తారు."

"ఇంకా తియ్యనే లేదు మామా."

"తియ్యకపోతే తీయిద్దాం. నడు."

"టీ అన్నా తాగి పోరా, వెనక దొంగలు తరుముతున్నారా?" అంది వాళ్ళమ్మ. అప్పటికే అతను వీధిలో ఉన్నాడు.

ఎండు వాగు పక్కన గాలి లేచింది. కళ్ళలో ఇసుక కొడుతుంటే అతను ముందు, పిల్ల వెనక. పెద్ద అంగలు వేసుకుంటూ పోయి, ఆగి, వెనక్కి తిరిగి, "రావే తల్లీ, చీమలా నడుస్తావేం" అని కసురుకుంటాడు. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి అందుకుంటుంది. అందుకోగానే అతను మళ్ళీ ముందుకి. పిల్లకి ప్రేమతో గిటార్ కొనివ్వబోతున్న మామలా లేడు, జరిమానా కట్టడానికి పోతున్నవాడిలా ఉన్నాడు.

ఊరి మధ్యలో బాకిర్ కొట్టు ఉంది. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. టీవీలు, ఫ్యాన్లు, పెళ్ళి మైకులు, వాటి పైన మేకులకి వేలాడుతూ గిటార్లు.

"చిన్నపిల్లకా?" అన్నాడు బాకిర్, శెన్నాని కింది నుంచి పైదాకా చూసి. "పిల్లలు ఎదుగుతారు తమ్ముడూ. పెద్దదే తీసుకో. పదేళ్ళు పడి ఉంటుంది."

నల్లగా నిగనిగలాడే గిటార్ ఒకటి దించాడు. ఉక్కు తీగలది. కెనాన్ దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. తీగలు సవరించాడు. ఊరికే ఒకసారి మీటి చూద్దామనుకున్నవాడు కాస్తా కళ్ళు మూసుకుని వాయించడం మొదలుపెట్టాడు. కొట్టు ముందు నలుగురు ఆగారు. ఎవడో చప్పట్లతో తాళం అందుకున్నాడు. నాలుగు వైపుల నుంచీ "అబ్బబ్బబ్బ" అనేసరికి కెనాన్‌కి ట్రక్కూ గుర్తు లేదు, మేనకోడలూ గుర్తు లేదు.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు చివరికి, తలగుడ్డ సర్దుకుని. "ఇదే ఖాయం. ఏమంటావే?"

"సరే మామా," అంది శెన్నా.

ఆ సరే ఎందుకో అతనికి నచ్చలేదు. ఏడాదిపాటు పోరిన పిల్ల గొంతులా లేదు అది. "ఏదీ, నువ్వూ పట్టుకో ఒకసారి" అని అందించాడు.

పట్టుకుంది. గిటార్ వెనక పిల్ల కనబడలేదు. నొసలూ రెండు కళ్ళూ మాత్రం పైకి తేలాయి. కుడి చెయ్యి పెట్టె అంచు మీదుగా దిగేసరికి తీగల దాకా అందలేదు. ఎడమ చేత్తో తీగ నొక్కింది. నొక్కిన వేలు తెల్లబడింది గానీ తీగ పలకలేదు. ఇంకా గట్టిగా నొక్కింది. పళ్ళు బిగించి మళ్ళీ నొక్కింది. తర్వాత ఎవరూ చూడకుండా ఆ వేలు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది.

"అలవాటవుతుంది," అన్నాడు బాకిర్.

"అలవాటవుతుంది," అన్నాడు కెనాన్ కూడా. "మా రోజుల్లో నూనె డబ్బాకి సైకిల్ బ్రేకు తీగలు కట్టి వాయించాం. వేళ్ళు తెగి రక్తాలు కారేవి."

"మరి ఇంకా అలాగే కారాలా మామా?" అంది శెన్నా, చాలా మర్యాదగా.

కొట్టు ముందు ఆగినవాళ్ళు పక్కున నవ్వారు. కెనాన్‌కి చిర్రెత్తుకొచ్చింది. పిల్ల మీద కాదు. అంతసేపూ తన చేతికి ఎలా ఉందో చూసుకున్నాడే గానీ, దాని చేతికి ఎలా ఉంటుందో చూడాలన్న ఆలోచనే తనకి రాలేదు. గిటార్ మేకుకి తగిలించేసి, బాకిర్ వెనకనుంచి ధర తగ్గిస్తానని అరుస్తున్నా వినకుండా బయటపడ్డాడు.

పక్క కొట్లో గులాబీ రంగు ప్లాస్టిక్ బొమ్మ గిటార్ చూపించారు. తీగ బిగించే బిరడా తిప్పుతుంటే చేతికి ఊడొచ్చింది. ఆ పక్క సందులో మెడ వంకరపోయిన పాతది ఒకటి ఉంది. దాని తీగలు మెడకి ఎంత ఎత్తున ఉన్నాయంటే, కింద నుంచి పిల్లి దూరిపోవచ్చు. ప్రతి చోటా కెనాన్ "ఎలా ఉంది, ఎలా ఉంది" అని తొందరపెట్టాడు. ప్రతి చోటా ఆ పిల్ల "సరే మామా" అంది. దేనికైనా సరే అనే పిల్లకి ఏం కావాలో ఎలా తెలుస్తుంది? ఎండ నడినెత్తికి వచ్చింది. అతని గొంతు ఎండిపోయింది, వీపు మీద చెమట కారుతోంది. ఇవాళ కొనకపోతే రేపు పొద్దున ఏం జరుగుతుందో తలుచుకునే కొద్దీ అంగలు ఇంకా పెద్దవవుతున్నాయి.

చివరికి ఊరి శివారు సంతకి లాక్కుపోయాడు. నైజర్ దేశం వైపు నుంచి వచ్చే సరుకంతా అక్కడే దిగుతుంది. ఖర్జూరాల బస్తాలు, టైర్లు, దుప్పట్లు. హౌవా అనే హౌసా తెగ ఆవిడ పాత పరుపులు, గిన్నెలు, కుర్చీలు పోగేసి అమ్ముతుంటుంది. అక్కడికి చేరేసరికి ఫోన్ మోగింది. జట్టు పెద్ద.

"బయల్దేరుతున్నావు గదా? వస్తానని చెప్పి చివర్లో ఎగ్గొట్టేవాళ్ళని చాలామందిని చూశాం."

"వస్తానన్నాను గదన్నా!"

"గిటార్ ఉందా?"

"ఉంది అన్నా, ఉంది. నా గిటార్ నా దగ్గర కాక ఎక్కడికి పోతుంది?" గట్టిగా అరిచాడు, గాలికి వినబడదని కొంత, భయానికి కొంత. అరుస్తూనే పరుపుల చుట్టూ అటూ ఇటూ తిరిగాడు. అప్పుడు తన పాట వినబడింది.

అది పెళ్ళిళ్ళలో అతను వాయించే సొంత పాట. ఎవరో ఫోన్‌లో పెట్టుకుని వింటున్నారనుకున్నాడు. ఆ పాటలో మూడో మలుపు దగ్గర ఒక స్వరం ఆలస్యంగా పడుతుంది. ఇటుకలు మోసేటప్పుడు కెనాన్ చిటికెన వేలు విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని అక్కడిదాకా వేలు చాచడానికి ఒక క్షణం పడుతుంది. ఆ ఆలస్యం అచ్చంగా అలాగే వినబడింది. తిరిగి చూశాడు. కుప్పగా పడేసిన పరుపుల మీద శెన్నా కూర్చుని ఉంది. ఒళ్ళో చిన్న గిటార్, రంగు వెలిసిపోయింది, నైలాను తీగలది. ఎప్పుడో ఊరు విడిచి వెళ్ళిపోయిన చర్చి సిస్టర్లు వదిలేసిన సామాన్లలోది. ఆ పిల్ల చెయ్యి దాని నడుము చుట్టూ హాయిగా వాలి ఉంది. వేళ్ళన్నీ నిక్షేపంగా ఉన్న పిల్ల, వంకర వేలున్న మామ ఆలస్యాన్ని కూడా నేర్చేసుకుంది.

ఎక్కడ నేర్చింది? వాయించడానికి గిటారే లేదే. ఆడవాళ్ళ మధ్య కూర్చుని ఎన్ని పెళ్ళిళ్ళలో తన వేళ్ళని చూస్తూ ఉండి ఉంటుంది, ఇంటికి పోయి ఏ కర్ర మీద, ఏ మోకాలి మీద వేళ్ళు ఆడించి ఉంటుంది? ఫోన్‌లో జట్టు పెద్ద "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

"అక్కడ ఆగక్కర్లేదే పిచ్చిదానా," అన్నాడు పక్కన చతికిలబడి. "అది నా వేలు జబ్బు."

"ఆగితేనే బావుంటుంది," అంది శెన్నా, ఆ రోజంతటిలో మొదటిసారి మొండిగా.

బేరం ఆడకుండానే కొనేశాడు. హౌవాకి నమ్మకం కుదరక డబ్బు ఎండకి ఎత్తి చూసుకుంది.

సాయంత్రం ఇంటి ముందు చాప పరిచారు. రేపు ప్రయాణం గనక చుట్టాలు వచ్చి పోతున్నారు. శెన్నా గోడవార కూర్చుని చిన్న గిటార్ వాయిస్తోంది. లోపల గోడకి పెద్ద గిటార్ క్షేమంగా ఉంది. కెనాన్ అప్పుడు గానీ తీరిగ్గా ఊపిరి పీల్చుకోలేదు. రెండో గ్లాసు టీ అందుకునేసరికి బిస్కా వచ్చాడు. మేనత్త కొడుకు, అంటే బావ. మా దగ్గర బావకి నోటికి ఎంత వస్తే అంత అనే హక్కు ఉంది, పడటం మన వంతు.

"ఏం బావా, మేనకోడలికి అంగట్లో గిటార్ కొన్నావటగా?"

"కొన్నాను. నీ కళ్ళు మండుతున్నాయా?"

"నాకెందుకు మంట? జాలేస్తోంది." బిస్కా చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. "అంగట్లో పరాయి పిల్లలకి కొంటారు బావా. సొంత పిల్లలు ఇంట్లోకొచ్చి లాక్కుపోతారు. నా మేనల్లుడు మొన్న నా మేకపోతుని తోలుకుపోయాడు, నా కళ్ళముందే. ఏడుపొచ్చిందనుకో, అది వేరే సంగతి. ఇంతకీ నీ దగ్గర ఏం తీసుకుంది ఈ పిల్ల?"

కెనాన్ గ్లాసులో టీ ఊదుకున్నాడు.

"ఏమీ తీసుకోలేదా? నువ్వు దేశాలు పట్టి పోతుంటే? ఏం పాపం చేశావురా బావా, పిల్ల నిన్ను లెక్కలోంచే తీసేసింది!"

అందరూ నవ్వారు. కెనాన్ కూడా నవ్వాడు, నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు. కానీ ఆ మాట ముల్లులా దిగబడింది. పొద్దుటి నుంచి అడుగుతుందేమోనని హడలి చచ్చాడు. ఇప్పుడు అడగలేదని తల కొట్టేసినట్టయింది. చాప మీద కూర్చోలేకపోయాడు. మర్యాదకి తప్పనిసరి అయిన మూడో గ్లాసు కూడా తాగకుండానే లేచి, పెరట్లో వేడి ఇసుకలో కాల్చిన రొట్టె మీది ఇసుకా బూడిదా దులుపుతున్న అక్క దగ్గరికి పోయాడు.

"అక్కా, దానికి నేనంటే గిట్టదా?"

"ఎవరికి?"

"నీ కూతురికి. ఇంటికొచ్చి నా గిటార్ వైపు చూడనైనా చూడలేదు."

రఖ్మతా రొట్టె పక్కన పెట్టింది. చేతులు దులుపుకుంది. "నేనే ఒట్టు వేయించుకున్నాను," అంది. "దాని మీద చెయ్యి వెయ్యనని. చూడను కూడా చూడొద్దన్నాను."

"ఎందుకే?"

"ఎందుకేమిట్రా? చూస్తే అడుగుతుంది. అడిగితే నువ్వు ఇస్తావు. ఇస్తే ఇక్కడే పడి ఇటుకలు మోసుకుంటావు. ఆ గిటార్ కోసం ఎంత ఏడ్చిందో నీకేం తెలుసు? వేరేది ఏదీ వద్దంది. మామ బాగుపడితే నీకు చేదా అని నాలుగు తిట్టాను. అప్పటినుంచి నోరెత్తలేదు."

పొద్దుటి సరేలన్నీ కెనాన్‌కి ఇప్పుడు అర్థమయ్యాయి. తన వస్తువుకి అది కాపలా కాస్తుంటే, తనేమో దాన్నుంచే వస్తువుని దాచుకున్నాడు. సిగ్గు ముంచుకొచ్చింది. అక్క ముందు ముఖం కనబడకుండా తలగుడ్డ కళ్ళదాకా లాక్కున్నాడు.

మర్నాడు ఎండ ఎక్కకముందే ట్రక్కు వచ్చింది. వీధిలో సగం మంది పోగయ్యారు. జట్టు పంపిన కుర్రాళ్ళు సామాను ఎక్కిస్తున్నారు. కెనాన్ గిటార్‌తో బయటికి వచ్చాడు. దుప్పటి తీసేశాడు. తిన్నగా శెన్నా ముందుకి నడిచి, గిటార్‌ని నిలబెట్టి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఊఁ," అన్నాడు.

శెన్నా రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. తల్లి వైపు చూసింది. వీధంతా రఖ్మతా వైపు చూసింది. రఖ్మతా పెదవి కొరుక్కుంది, తమ్ముడిని చూసింది, ట్రక్కుని చూసింది. తర్వాత పైట ముఖం మీదికి పూర్తిగా లాక్కుని అటు తిరిగిపోయింది. "నా కళ్ళలో ఇసుక పడింది," అంది. "నాకేమీ కనబడటం లేదు."

పిల్ల చెయ్యి మెల్లగా ముందుకొచ్చింది. గిటార్ మెడ మీద పడింది.

"ఇది నాది," అంది శెన్నా.

"నీదే," అన్నాడు కెనాన్.

అని చెయ్యి తీసేశాడు. ఆ గిటార్‌తో పాటు సముద్రం, కచేరీలు, జట్టు అన్నీ పోయాయని తెలిసే తీశాడు. అయినా పొద్దుటి నుంచి, కాదు, నిన్నటి నుంచి అతన్ని నిలవనివ్వనిది ఏదో ఆ మాటతో దిగిపోయింది.

"అయిపోయింది! బావ ప్రయాణం బావిలో పడింది!" అని మొదలుపెట్టిన బిస్కాకి కూడా ఎందుకో ఆ మాట పూర్తిగా సాగలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. కుర్రాళ్ళు ముఖాలు చూసుకున్నారు. కెనాన్ తన సంచీ దించమని వాళ్ళకి సైగ చేశాడు.

శెన్నా గిటార్‌ని ఒళ్ళోకి లాక్కుంది. చెయ్యి దాని చుట్టూ వేసి చూసింది. అందలేదు. ఇంకోసారి చూసింది. బుగ్గ దాని అంచుకి ఆనించి కాసేపు అలాగే ఉంది. అందరూ ఆగారు, డ్రైవర్ కూడా. తర్వాత ముక్కు ఎగబీల్చి, గిటార్‌ని మామ వైపు తోసింది.

"నాది గదా? నేను చెప్పినట్టు చెయ్యాలి," అంది. "నా చెయ్యి ఇంకా చాలడం లేదు. చాలేదాకా నువ్వు వాయించు. ఎవరికీ ఎరువివ్వకు. అక్కడ వానలు పడతాయంట, తడపకు. గీత పడిందో, ఊరుకోను."

కెనాన్ తల ఊపాడు. గిటార్‌ని అందుకున్న చేతులు పసిబిడ్డని అందుకున్నంత జాగ్రత్తపడ్డాయి. రఖ్మతా ఇంకా అటు తిరిగే ఉంది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

ఊరు దాటాక తనిఖీ చౌకీ దగ్గర ట్రక్కుని ఆపారు. ఉత్తరాది సిపాయి ఒకడు సామాన్లన్నీ చూస్తూ వచ్చాడు. అందరి సంచులూ కింద గుట్టగా పడి ఉన్నాయి. ఒక్క గిటార్ మాత్రం కెనాన్ ఒళ్ళో, దుప్పట్లో చుట్టి ఉంది.

"ఏంటిది? గిటారా?" అన్నాడు సిపాయి. "నీదేనా?"

"కాదు," అన్నాడు కెనాన్. "మా మేనకోడలిది. నాకు వాడుకోమని ఇచ్చింది."